పొగగొట్టంలో గులాబీ కాగితాలు

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు. ఆఫీసుకి ఎన్నింటికొచ్చావు?"

"తొమ్మిదీ అయిదుకి మేడం. బస్సు దిగేసరికే తొమ్మిదైంది."

"తలుపు?"

"లోపల్నుంచి తాళం వేసుంది. సోమవారం పొద్దున్నే సార్ అలాగే వేసుకుంటారు. ఏడున్నరకి వచ్చి చలి కాచుకోవడానికి గ్యాసు పొయ్యి వెలిగించుకుని కూర్చుంటారు. తొమ్మిది దాకా ఎవర్నీ రానివ్వరు. వచ్చినవాళ్ళు తలుపులు బాదుతారని భయం."

"ఎందుకు బాదుతారు?"

సెక్రటరీ యస్నా తల దించుకుంది. "బాకీలు తీరతాయని డబ్బు కట్టినవాళ్ళు కదా మేడం."

హత్యల విభాగం ఇన్‌స్పెక్టర్ ఎడెల్మీరా కయుకెయో నోట్‌బుక్‌లో అంకెలు వేసుకుంది. తొమ్మిదీ అయిదు, తన తాళంచెవితో తలుపు తీసింది. తొమ్మిదీ పదకొండు, పోలీసులకు ఫోన్ చేసింది. నడుమ ఆరు నిమిషాలు.

"ఆ ఆరు నిమిషాలూ ఏం చేశావు?"

"కిటికీ తెరిచాను. పొయ్యి కట్టేశాను. సార్ని కుదిపాను." యస్నా గొంతు తొణకలేదు. "లేవలేదు."

ఇరవై ఆరేళ్ళుంటాయి. ఈ ఆఫీసులో చేరి ఎనిమిది నెలలైందట. కళ్ళు ఎర్రబడలేదు. శవాన్ని చూసిన మనుషుల్ని ఇరవై ఏళ్ళుగా చూస్తోంది ఎడెల్మీరా. కొందరు ఏడుస్తారు, కొందరు రాయిలా అయిపోతారు. ఈ అమ్మాయి ఆ రెండు రకాల్లోనూ లేదు. రైలు అందుకున్న మనిషిలా కుదుటపడి కూర్చుంది.

శవం తలుపు దగ్గరే పడి ఉంది. లెయాంద్రో ఎచెవెర్స్, యాభై రెండేళ్ళు. 'కొత్త ఊపిరి' అనే అప్పుల పరిష్కార సంస్థకు యజమాని. చెంపలు పండు మిరపకాయల్లా ఎర్రగా ఉన్నాయి. గ్యాసు పొయ్యి విషపు గాలి పీల్చి పోయినవాళ్ళకు ఆ రంగు వస్తుంది. రేవు పట్టణం తల్కావానోలో జూలై అంటే నడి చలికాలం, ఏటా ఆ చలికి ఇలాంటి శవాలు రెండో మూడో తగులుతూనే ఉంటాయి. అందుకే ఇది ప్రమాదమని వాదించడానికి గుమ్మంలో ఒకాయన సిద్ధంగా నిలబడ్డాడు.

"ఇంకా ఏం వెతుకుతున్నావు ఎడెల్మీరా?" అన్నాడు ఉర్రెహోలా. ఆర్థిక నేరాల విభాగం అధిపతి. ఆమెతోపాటే శిక్షణ పొందినవాడు, ఆమె కంటే ముందే పై కుర్చీ ఎక్కినవాడు. "చలికాలం, మూసిన కిటికీ, పాత పొయ్యి. ఒక్క పేరాలో రాసేసి భోజనానికి వెళ్ళిపో."

"కిటికీ సందులకి టేపు వేయించింది ఈయనే. అది నిజం. కానీ ఇటు రా."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని తాళం రంధ్రం చూపించింది. దాని చుట్టూ ఇత్తడి మీద కొత్త గీతలు, పది పన్నెండు. శవం కుడి పిడికిట్లో తాళంచెవి.

"తలుపు తీద్దామని పాకుతూ వచ్చాడు. చెయ్యి స్వాధీనంలో లేక రంధ్రం దొరకలేదు. ఎంతసేపు గీకాడో లెక్కపెట్టుకో."

"పాపం. అయితే?"

"అయితే ఇది చూడు." తలుపు పైసగం గాజు. వరండా వైపు నుంచి టార్చి వేసింది. గాజు మీద జిడ్డు మరక ఒకటి గుండ్రంగా, దానికి అటూ ఇటూ రెండు అరచేతుల ముద్రలు. "ఎవరో నుదురు ఆనించి లోపలికి చూశారు. నా గడ్డం దగ్గరికొస్తోంది మరక. పొట్టి మనిషి. శనివారం సాయంత్రం ఈ గాజు తుడిచానని పనావిడ చెప్పింది. నిన్న ఆదివారం, సెలవు. అంటే ఈ పొద్దున ఇక్కడ నిలబడి లోపలి మనిషి చావడం ఎవరో చూశారు."

ఉర్రెహోలా భుజాలు ఎగరేశాడు. "చూడ్డం నేరం కాదు."

"పొగగొట్టం మూయడం నేరం."

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. పైకప్పు మీదకు పంపిన ల్యాబ్ మనిషి రొసామెల్ అప్పుడే నిచ్చెన దిగాడు, చేతిలో పారదర్శకమైన సంచీ. అందులో బిగించి చుట్టిన కాగితాల ఉండ. గులాబీ రంగు. కింది భాగం కాలి నల్లబడింది.

"గొట్టం గొంతులో కుక్కారు మేడం. రాత్రంతా వాన కదా, గొట్టం లోపల తడి చారికలున్నాయి. కాగితాలకి మాత్రం అంచుల్లోనే చెమ్మ. నడుమ పొడిగా ఉన్నాయి."

"వాన ఎన్నింటికి ఆగింది?"

"ఆరుంబావుకి. రేవు ఆఫీసులో అడిగాను."

ఆరుంబావు తర్వాత, ఏడున్నరకు ముందు. ఎడెల్మీరా ఆ రెండు అంకెల కిందా గీత గీసింది. రొసామెల్ పట్టకారుతో ఉండను విప్పాడు. పదకొండు కాగితాలు. ఖాతాదారుల ఒప్పందాలు. ఏడు పూర్తిగా మసి. చదవడానికి వీలున్నవి నాలుగే. పైనున్న దాని మీద పేరు స్పష్టంగా ఉంది: ఒతీలియా మెయాదో.

ఉర్రెహోలా పెదవులు విచ్చుకున్నాయి. "ఆ ముసలావిడా! పోయినేడాది నా ఆఫీసుకొచ్చి నానా గొడవా చేసింది. పొట్టిది కూడా. ఇంకేం కావాలి? మనిషిని పట్టుకురా."

"ఇందాక ప్రమాదమన్నావు."

"ఇప్పుడు హత్య అంటున్నాను. నీ మాటే కదా?"

"ఖాతాదారుకి ఇచ్చేది తెల్ల కాపీ. పసుపుది లాయరుకి. గులాబీది ఈ బీరువాలో ఉంటుంది. ముసలావిడ చేతికి ఇది ఎలా వచ్చింది?"

"అదంతా కాగితాల వ్యవహారం. కాగితాలు నావి." అతని గొంతు గట్టిపడింది. "ఈ కంపెనీ మీద రెండేళ్ళుగా దర్యాప్తు చేస్తున్నాను. బీరువా, కంప్యూటరు, సిబ్బంది నాకు. శవం, గొట్టం నీకు. ప్రాసిక్యూటర్ సంతకం కూడా తెచ్చుకున్నాను, చూడు."

"రెండేళ్ళుగా! ఒక్కణ్ణయినా అరెస్టు చేశావా? నువ్వు ఫైలు పట్టుకు కూర్చున్నావని చెప్పి ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. వీడేమో దర్జాగా పొయ్యి పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు."

"నోరు జాగ్రత్త."

"నాది జాగ్రత్తగానే ఉంది. నువ్వు చెప్పు, ఎందుకు అరెస్టు చెయ్యలేదు?"

అతను యస్నా వైపు తిరిగి, "పద అమ్మాయ్, వాంగ్మూలం రాసుకోవాలి. నా కారులోనే వెళ్దాం" అన్నాడు. అప్పుడు పదకొండూ నలభై. యస్నా లేచి కోటు తొడుక్కుంది, కాఫీ ఫ్లాస్కు సంచీలో పెట్టుకుంది. గుమ్మం దాటుతూ ఎడెల్మీరా వంక ఒకసారి చూసింది. ఏదో అడుగుతుందేమో అనిపించింది. అడగలేదు.

ఎడెల్మీరా ఆపి ఉండాల్సింది. బీరువా తాళంచెవులు రెండే, ఒకటి చచ్చినవాడిది, రెండోది ఆ పిల్లది. కానీ ప్రాసిక్యూటర్ సంతకం కళ్ళెదుట కనిపిస్తుంటే ఆపడానికి ఆమె దగ్గర అనుమానం తప్ప మరేదీ లేదు.

*

అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే ఒతీలియా, చెల్లెలి ఇంటి వెనక గదిలో ఉంటోంది. చేపల డబ్బాల కార్ఖానాలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి మానేసిన మనిషి. ఎడెల్మీరా, రొసామెల్ వెళ్ళేసరికి బల్ల ముందు కూర్చుని నత్తగుల్లలు విప్పుతోంది. కత్తి మొన గుల్ల సందులో పెట్టడం, ఒక్క తిప్పు తిప్పడం. చూడకుండానే విప్పేస్తోంది.

"పోలీసులా? రండి, కూర్చోండి. టీ తాగుతారా? ఆలస్యంగా వచ్చారే, పదింటికే వస్తారనుకున్నాను."

"ఎందుకు అనుకున్నారు దోన్యా ఒతీలియా?"

"వాడు చచ్చాడుగా."

రొసామెల్ కుర్చీలో కదిలాడు. ఎడెల్మీరా మాత్రం ఆమె నుదుటి వైపే చూసింది. తన గడ్డం దగ్గరికి వస్తుంది.

"ఈ పొద్దున ఎన్నింటికి వెళ్ళారక్కడికి?"

"ఎనిమిదింటికి."

"ఏం చూశారు?"

కత్తి ఆగింది. "దాచేదేముంది తల్లీ. గాజులోంచి చూశాను. నేల మీద పాకుతున్నాడు. నన్ను చూశాడు. ఇలా చెయ్యెత్తాడు, తలుపు తియ్యమని. మూడేళ్ళు వాడి తలుపు ముందు నేను ఎత్తిన చెయ్యి అది."

"తాళం లోపల ఉంది, మీరు తియ్యలేరు. కేకేసి ఉండొచ్చు. అద్దం పగలగొట్టి ఉండొచ్చు."

"ఉండొచ్చు." ముసలావిడ ఆ మాటను తూచినట్టు తల ఊపింది. "కూర్చున్నాను. ఎనిమిదీ పది, ఎనిమిదింబావు. నా బెంచీ మీద నేను కూర్చున్నాను. లోపల గీకుడు వినపడింది కొంతసేపు. తర్వాత లేదు."

ముసలావిడే మళ్ళీ అందుకుంది. ఈసారి గొంతు పదునెక్కింది.

"నాకు బ్యాంకు బాకీ ఒకటి, బట్టల కొట్టు కార్డు బాకీ ఒకటి. మా ఆయన ఆస్పత్రి ఖర్చుకి చేసినవి. పెద్ద మొత్తాలేం కావు. బ్యాంకుకెళ్ళి కూర్చుంటే వాళ్ళే గడువు పెంచేవారట. అదీ కాకపోతే సర్కారు ఆఫీసొకటి ఉందట. మూణ్ణెల్లు వాయిదా తప్పితే చాలు, వెళ్ళి చెప్పుకోవచ్చట. బ్యాంకులన్నిట్నీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టి, వడ్డీ తగ్గించి, మన జీతానికి తగ్గట్టు వాయిదాలు కట్టిస్తారట. ఒక్క పెసో తీసుకోరట. ఇల్లు పోదట. దివాలా తియ్యక్కర్లేదట. ఎంత బాగుందో చూడు!"

"మరి వెళ్ళలేదా?"

"ఉందని తెలిస్తే కదా! తెలియనివ్వడమా వీడు? 'బ్యాంకుకి కట్టడం ఆపెయ్యండి సెన్యోరా, ఆ వాయిదా నాకు కట్టండి, నేను బేరమాడి సగానికి తెగ్గొడతాను' అన్నాడు. కట్టాను. పద్నాలుగు నెలలు. బ్యాంకు దావా వేసింది. నోటీసు చేతికొచ్చింది. పట్టుకుని పరిగెత్తాను. 'ఇది మామూలే' అన్నాడు. ఆ నోటీసు చేతికొచ్చాక సర్కారు ఆఫీసు తలుపు మూసుకుపోతుందమ్మా. ముందొస్తే బతికించేవాళ్ళం, ఇప్పుడు మా చేతుల్లో లేదు అని అక్కడి పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వీడికి ఆ రూలు తెలియదా? ఆ నోటీసు కోసమే కాచుకుని కూర్చున్నాడు. ఇల్లు వేలానికి వెళ్ళాలి, అదీ వీడి లెక్క."

"ఇల్లు వేలానికి వెళ్తే వీడికేం లాభం? కొన్నదెవరు?"

దోన్యా ఒతీలియా గుల్ల ఒకటి విప్పి గిన్నెలో వేసింది.

ఎడెల్మీరా వేరే దారి పట్టింది. "బెంచీ మీద కూర్చున్నానన్నారు. ఆ బెంచీ మూడో అంతస్తు వరండాలో ఉంది. వీధి గేటు ఇనప గేటు, వాచ్‌మన్ తొమ్మిదింటికి గానీ తియ్యడు. ఎనిమిదింటికి మీరు లోపలికి ఎలా వెళ్ళారు?"

"తెరిచే ఉంది."

"లేదు. తొమ్మిదింటికి తానే తీశానని వాచ్‌మన్ చెప్పాడు. తాళంచెవులు ముగ్గురి దగ్గరే ఉన్నాయి. వాచ్‌మన్, చచ్చినవాడు, యస్నా."

"ముసల్దాన్ని, గుర్తులేదమ్మా."

"నిమిషాలతో సహా గుర్తున్నాయి మీకు. గేటెవరు తీశారో గుర్తులేదా?" ఎడెల్మీరా ముందుకు వంగింది. "మీ మోకాళ్ళతో పైకప్పు నిచ్చెన ఎక్కలేరు. గొట్టంలో కాగితాలు కుక్కింది మీరు కాదు. కానీ ఉర్రెహోలాకి మీ పేరున్న కాగితం దొరికింది, రేపటికల్లా మిమ్మల్ని జైల్లో వేస్తాడు."

"వెయ్యనీ. అక్కడ అద్దె కట్టక్కర్లేదు."

"యస్నా కోసం అంత అవసరమా?"

ముసలావిడ చేతిలో కత్తి జారి బల్ల మీద పడింది.

"శుక్రవారం ఫోన్ చేసింది," అంది చివరికి. "సోమవారం ఎనిమిదింటికి రా పెద్దమ్మా, నీకొకటి చూపిస్తానంది. ఎంతమందికి చేసిందో తెలీదు, నేనొక్కదాన్నే వెళ్ళాను. గేటు తీసి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. నన్నక్కడ కూర్చోబెట్టి తను కిందికెళ్ళిపోయింది. ఆ పిల్లది అసలు ఈ ఊరే కాదనీ, వాళ్ళమ్మ సంగతీ అప్పుడే చెప్పింది."

"వాళ్ళమ్మ ఏమైంది?"

"వేలం రోజున ఇంటి తాళంచెవులు కోర్టు మనిషి చేతిలో పెట్టి, వాళ్ళ ఊరి రేవు వైపు నడుచుకుంటూ వెళ్ళిందట. మూడో రోజు నీళ్ళలో దొరికింది."

రొసామెల్ నెమ్మదిగా శిలువ గుర్తు వేసుకున్నాడు. దోన్యా ఒతీలియా లేచి, రొట్టెల డబ్బా వెనక నుంచి గోధుమరంగు కవరు తీసింది.

"మధ్యాహ్నం దాటాక పోలీసులకి ఇమ్మంది. మంచి పోలీసు వస్తేనే ఇవ్వమంది. నువ్వు మంచిదానివో కాదో నాకు తెలీదు. కానీ నా మోకాళ్ళ సంగతి ఆలోచించావు."

కవరులో భూమి రిజిస్ట్రీ ఇచ్చిన నకళ్ళు. ఒక్కొక్కటి ఒక్కో ఇంటిది. వేలం తేదీ, అప్పు చేసినవారి పేరు, చిరునామా, కొన్నవారి పేరు. ఎడెల్మీరా మొదటిది చదివింది, రెండోది చదివింది. ఆ తర్వాత కొన్నవారి గడి మాత్రమే చూస్తూ తిప్పింది. అన్నింటిలోనూ ఒకే పేరు. రొసాల్బా ఇతుర్బీదె.

ఆ పేరు ఆమెకు బాగా తెలుసు. ఏటా డిసెంబరులో పోలీసు కుటుంబాల విందులో పక్క కుర్చీలో కూర్చుని, కొత్త కొత్త ఇళ్ళకు రంగులు వేయించడం ఎంత విసుగో చెప్పే మనిషి. ఉర్రెహోలా భార్య.

రెండేళ్ళు ఫైలు ఎందుకు కదల్లేదో, ఇంకెవర్నీ ఎందుకు ముట్టుకోనివ్వలేదో తెలిసిపోయింది. ఎచెవెర్స్ ఇళ్ళను వేలం దాకా నడిపించడం, ఇతను భార్య పేరున చవగ్గా కొనడం. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇందాక భుజం తగిలేంత దగ్గరగా నిలబడి ఆ మనిషితో వాదించింది. వెంటనే ఇంకో సంగతి తోచి మంట మీద నీళ్ళు పోసినట్టయింది.

యస్నా అతని కారులో ఎక్కింది. ఎచెవెర్స్ చచ్చాక ఈ ఇళ్ళ సంగతి తెలిసిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. ఆమెను అతను వదులుతాడా? ఎడెల్మీరా గబగబా ఉర్రెహోలా ఫోనుకు కలిపింది. ఒంటిగంటా నలభై.

ఆరోసారి మోగాక ఎత్తారు.

"చెప్పండి మేడం," అంది యస్నా.

వెనక ఇంజను శబ్దం. కారు కదులుతున్న శబ్దం కాదు, ఒకేచోట నిలబడి గురగురలాడుతున్న శబ్దం. గోడల మధ్య మోగుతున్నట్టు మందంగా ఉంది.

"యస్నా, నువ్వు బాగానే ఉన్నావా? ఉర్రెహోలా ఎక్కడ?"

"నిద్రపోతున్నారు. నన్ను స్టేషనుకి కాదు, ఊరి బయట రాళ్ళగుట్ట వైపు తీసుకెళ్ళారు. ఇలా చేస్తారని ముందే తెలుసు, అందుకే ఫ్లాస్కు తెచ్చుకున్నాను. దారిలో నిద్రమాత్రలు కలిపిన కాఫీ పోసిచ్చాను. చలిగా ఉంది కదా, రెండు కప్పులు తాగారు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"ఓ ఇంట్లో. షెడ్డులో. కారు నేనే నడిపి తెచ్చి తలుపులు వేసేశాను. నేను బయటున్నాను, ఆయన కారులో ఉన్నారు. ఇంజను ఆపలేదు."

ఎడెల్మీరా రొసామెల్‌కు సైగ చేసింది. అతను తన ఫోను తీసుకుని గుమ్మంలోకి పరుగెత్తాడు, కంట్రోల్ రూముకు చెప్పి సిగ్నలు పట్టుకోమనడానికి.

"తలుపు తియ్యి యస్నా. ఈ కాగితాలు నా చేతికొచ్చాయి. వాణ్ణి కోర్టులో నిలబెడతాను. నా మాట నమ్ము."

"అమ్మ కూడా కోర్టునే నమ్మింది మేడం." వెనక ఇంజను చప్పుడు ఆగలేదు. "చిరునామా చెప్తాను. దాచను. కానీ ముందు మీరు పదకొండు పేర్లు వినాలి. ఒక్కొక్కరిదీ పేరు, ఏ పని చేసేవారు, ఏమయ్యారు. రెండేళ్ళలో ఒక్క పోలీసు కూడా కూర్చుని వినలేదు. పదకొండోది మా అమ్మ. అది చెప్పాక ఈ ఇల్లెక్కడో చెప్తాను. మధ్యలో పెట్టేస్తే మళ్ళీ ఎత్తను."

వాళ్ళున్నది యస్నా తల్లి పోగొట్టుకున్న ఇంట్లోనే అన్నమాట! ఎడెల్మీరా కవరు బల్ల మీద బోర్లించి, నకళ్ళు వేళ్ళతో లెక్కపెట్టింది. పది. మళ్ళీ లెక్కపెట్టింది. పదే. యస్నా తల్లి ఇంటి నకలే లేదు. గొట్టంలో దొరికిన పదకొండు కాగితాల్లో ఏడు మసి, మిగతా నాలుగూ ఈ పదిలోవే. రిజిస్ట్రీ ఒంటిగంటకే మూసేశారు. దోన్యా ఒతీలియా వైపు చూసింది. ముసలావిడ తల అడ్డంగా ఊపింది. ఆ ఇల్లెక్కడో తనకూ చెప్పలేదు.

రొసామెల్ గుమ్మంలోంచి పది వేళ్ళూ రెండుసార్లు చూపించాడు. సిగ్నలు దొరకడానికి ఇరవై నిమిషాలు. మూసిన షెడ్డులో, నడుస్తున్న ఇంజను పక్కన, ఇరవై నిమిషాలు చాలా ఎక్కువ.

"మొదటి పేరు ఎలియానా బుర్గోస్," అంది యస్నా. "బడి వంటగదిలో పనిచేసేది. ఇద్దరు పిల్లలు. ఇప్పుడు అక్కగారి దుకాణం వెనక పడుకుంటున్నారు. రాసుకుంటున్నారా?"

ఎడెల్మీరా కుర్చీ లాక్కుని కూర్చుంది, పెన్ను తీసింది. త్వరగా చెప్పు, మనిషి చచ్చిపోతాడు అనాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. ఎదురుగా దోన్యా ఒతీలియా చేతులు ఒడిలో పెట్టుకుని తననే చూస్తోంది.

"రాసుకుంటున్నాను," అంది ఎడెల్మీరా. "నెమ్మదిగా చెప్పు."